కాదనే తీరు

జులై ఆఖరు. వల్దీవియాలో పదహారో రోజు వాన.
పొయ్యి మీద కెటిల్, పొయ్యి ముందు తడి మేజోళ్ళు,
నా ఒళ్ళో గళ్ళ కాగితం:
అడ్డంగా పన్నెండు ప్రశ్నలు, నిలువునా తొమ్మిది ప్రాజెక్టులు.
ఆగస్టు రాగానే ఇరవై రెండు మంది పిల్లల్ని
వీటిలో ఒకదాని గుమ్మంలో దింపి రావాలి,
ముక్కూ మొహం తెలియని వాళ్ళు రాసిన కోడ్‌లోకి.

మా ఊళ్ళో అద్దె ఇల్లు చూసేవాళ్ళు
గోడల రంగు చూడరు.
కుర్చీ ఎక్కి పైకప్పు తడిమి చూస్తారు.

లైసెన్సు ఉందా? ఉంది. రెండు మార్కులు.
పిల్లలకు వచ్చిన భాషేనా? అదే. రెండు.
చివరిసారి ఎవరు, ఎప్పుడు చెయ్యి పెట్టారు?
నిన్న రాత్రి, ఏడు వందల మందిలో ఒకరు.
కొత్తవాళ్ళ కోసం విడిగా ఉంచిన పనులు? నలభై.
మొదటిదానికి ఇరవై నాలుక్కి ఇరవై మూడు వచ్చాయి.
పేరున్నది. డీన్ కూడా విన్న పేరు.

ఆ నలభై పనులూ ఒక్కొక్కటే తెరిచాను.
మూడేళ్ళ నాటివి.
ప్రతిదాని కిందా ఎవరో ఒకరు
"ఇది నేను చేయనా?" అని అడిగి
జవాబు కోసం నిలబడే ఉన్నారు,
రద్దయిన బస్సు కోసం స్టాపులో నిలబడినట్టు.

నిరుడు బ్రౌలియోకి జవాబొచ్చింది. రెండే మాటలు:
"చదివి రా."
వాడు లాప్‌టాప్ మూసి నియెబ్లా వెళ్ళిపోయాడు,
మేనమామ పడవలోకి.
మొన్న చేపల బజారులో కనపడితే
సీలయన్లకు పేగులు విసురుతూ నవ్వాడు.
బాగానే ఉన్నాడు.
ఆ రెండు మాటలు ఇంకా నాకే మానలేదు.

అందుకని ఈసారి కాగితం పక్కన పెట్టి
తిప్పి పంపినవి మాత్రమే చదివాను,
అర్ధరాత్రి దాకా.
అవునన్నప్పుడు అందరూ మంచివాళ్ళే.

తొమ్మిదోది చిన్న లైబ్రరీల కేటలాగు ప్రోగ్రాము.
ముగ్గురే ముగ్గురు. సగం రాసి వదిలేసిన వివరణలు.
పదకొండు మార్కులు. కొట్టేశాను కూడా.
అప్పుడే యస్న వచ్చింది, గొడుగు నీళ్ళు నా చాప మీద కారుస్తూ.
యస్న ఞాంకుపిల్. లాంకో ఊరి లైబ్రరీ కార్డు చూపించింది.
ఞ ఉండాల్సిన చోట ప్రశ్నార్థకం.
"నా పేరు అనుమానంతో మొదలవుతుందట, టీచర్.
ఆ ప్రోగ్రాము ఇదే.
సరిచేసి పంపాను. తిప్పికొట్టారు."

చూపించమన్నాను.
నార్వేలో ఎక్కడినుంచో, ఓయ్దిస్ అనే ఆవిడ:
"ఇది తీసుకోలేను. నీ అక్షరం బాగుపడింది,
పోలిష్ వాళ్ళవి ఆరు విరిగాయి. ఎక్కడో కింద గుర్తు పెట్టాను.
తప్పు నీది కాదు, ఆ పేజీ రాస్తానని రాయనిది నేను.
నా పేరులో మొదటి అక్షరం
అడ్డగీత కొట్టిన సున్నాలా ఉంటుంది.
మా ప్రోగ్రాము దాన్నీ మింగేస్తుంది.
నాలుగేళ్ళుగా ఓర్చుకుంటున్నాను,
అడగొచ్చని నాకు తోచనే లేదు.
మళ్ళీ పంపు."

కెటిల్ ఈల వేస్తూనే ఉంది. ఎవరం లేవలేదు.

కాగితం చివర పెన్సిల్‌తో పదమూడో గడి గీశాను.
దాని పైన ఏం రాయాలో తెలీలేదు.
రేపు కమిటీలో అడుగుతారు,
ఇరవై మూడుని కాదని పదకొండుని ఎందుకని.
నా దగ్గరున్నది తడిసిన ఒక లైబ్రరీ కార్డు.

రెండోసారీ తిప్పి పంపారు.
ఈసారి నాలుగు అక్షరాలే విరిగాయి.
మూడోది ఇంకా వాళ్ళ దగ్గరే ఉంది.
ఈలోగా, రాయకుండా మిగిలిన ఆ పేజీని
యస్న రాస్తోంది,
స్పానిష్‌లో ముందు, తర్వాత వచ్చీరాని ఇంగ్లీషులో,
మధ్యమధ్య నన్నడుగుతూ:
"'క్షమించండి' అని మొదలుపెట్టనా, టీచర్?"

వద్దన్నాను.